వెనక చక్రం కోసం పట్టుబట్టిన ఫిల్ విన్సెంట్

మీ బండికి స్టాండ్ వేసి, ఒకసారి వంగి వెనక చక్రం వైపు చూడండి. స్ప్లెండర్ లాంటిదైతే చక్రానికి రెండు పక్కలా రెండు షాక్ అబ్జార్బర్లు కనిపిస్తాయి. యమహా ఎఫ్‌జడ్ లాంటిదైతే సీటు కింద మధ్యలో ఒక్కటే ఉంటుంది. మోనోషాక్ అంటాం కదా, అదే. ఇప్పుడు ఈ రెండూ లేని బండిని ఊహించుకోండి. వెనక చక్రాన్ని నేరుగా ఫ్రేముకే బోల్టులతో బిగించేశారు. గుంత తగిలిందంటే ఆ దెబ్బ టైరు నుంచి ఫ్రేముకి, ఫ్రేము నుంచి సీటుకి, అక్కడినుంచి మీ వెన్నుపూసకి. మధ్యలో కాస్త కాచుకునేవి సీటు కింద ఉండే స్ప్రింగులే.

1920ల్లో బ్రిటన్ రోడ్ల మీద తిరిగిన మోటార్‌సైకిళ్లు దాదాపు అన్నీ ఇలాంటివే. విచిత్రం ఏంటంటే, ఇది లోపమని చాలామంది అనుకోలేదు. వెనక చక్రం గట్టిగా బిగించి ఉంటేనే బండి నిటారుగా పోతుందనీ, దానికి స్ప్రింగు పెడితే తోక ఊగుతుందనీ నమ్మేవాళ్లు. ఒళ్లు హూనమవడం అనేది బండి నడపడంలో భాగం, అంతే. ఆ నమ్మకం తప్పని చెప్పడానికి తన జీవితంలో ఇరవై ఏడేళ్లు, వాళ్ల నాన్న డబ్బు, చివరికి తన కంపెనీ మొత్తం ఖర్చుపెట్టినవాడు ఫిలిప్ కాన్రాడ్ విన్సెంట్. బైకుల చరిత్ర చదివేవాళ్లకు బ్లాక్ షాడో అనే పేరుతో తెలిసినవాడు. వేగం వల్ల పేరొచ్చింది గానీ, అతని అసలు గొడవ మాత్రం సౌకర్యం గురించే.

1908లో పుట్టాడు. కుటుంబానికి అర్జెంటీనాలో పెద్ద పశువుల క్షేత్రం ఉండేది. చదువు ఇంగ్లండ్‌లో, హారో స్కూల్లో. క్లాసు పుస్తకాల కంటే మోటార్‌సైకిల్ బొమ్మలే ఎక్కువ గీసిన రకం. తర్వాత మెకానికల్ సైన్సెస్ చదవడానికి కేంబ్రిడ్జ్ వెళ్లాడు. అక్కడున్న రోజుల్లోనే, 1927లో, తన సొంత డిజైన్‌తో ఒక బండి కట్టించాడు. మరుసటి ఏడాది దాని వెనక సస్పెన్షన్‌కి పేటెంట్ తీసుకున్నాడు. అప్పటికి వయసు ఇరవై. మనలో చాలామంది ఆ వయసులో మినీ ప్రాజెక్ట్ టైటిల్ కోసం సీనియర్ల వెంట పడుతుంటాం.

వెనక స్ప్రింగు పెట్టడంలో విన్సెంట్ మొదటివాడేం కాదు. అమెరికాలో ఇండియన్ కంపెనీ 1913లోనే ఆకు స్ప్రింగులతో అలాంటి బండి అమ్మింది. మరి జనం ఎందుకు నమ్మలేదు? ఇక్కడ కొంచెం ఆగి లెక్క చూద్దాం.

వెనక చక్రం పైకీ కిందికీ కదలాలంటే దాన్ని పట్టుకున్న చేతులు ఒక కీలు మీద ఆడాలి. ఆ చేతులు సన్నగా ఉండి, కీలు వదులుగా ఉంటే చక్రం పైకీ కిందికే కాదు, పక్కలకి కూడా మెలితిరుగుతుంది. ముందు చక్రం ఒక దారి, వెనక చక్రం ఇంకో దారి. మలుపులో బండి పాములా వంకరలు పోతుంది. పాత ప్రయత్నాలు చాలావరకు దెబ్బతిన్నది ఇక్కడే. జనానికి కనపడింది స్ప్రింగు, కాబట్టి తప్పంతా స్ప్రింగు మీదకి తోసేశారు. తప్పు నిజానికి మెలితిరిగే ఫ్రేముది.

విన్సెంట్ చేసిందేమిటంటే, వెనక భాగాన్ని రెండు చేతుల్లా కాకుండా మొత్తంగా ఒక త్రిభుజంలా కట్టాడు. కింది మూల గేర్‌బాక్స్ వెనక కీలు దగ్గర, వెనక మూల చక్రం ఇరుసు దగ్గర, పై మూల సీటు కింద. ఆ పై మూలని సీటు కింద దాదాపు పడుకోబెట్టినట్టున్న స్ప్రింగులకి తగిలించాడు. చక్రం పైకి లేస్తే త్రిభుజం కీలు మీద తిరిగి స్ప్రింగుల్ని నొక్కుతుంది. స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్‌లో ట్రస్‌ల గురించి చదివినవాళ్లకి వెంటనే అర్థమవుతుంది: నాలుగు కడ్డీల చట్రాన్ని తోస్తే ఒరిగిపోతుంది, మూడు కడ్డీలది ఒరగదు. సెల్ టవర్ల దగ్గర్నుంచి రైలు వంతెనల దాకా అన్నిచోట్లా వాడేది అదే. కొత్త లోహం లేదు, కొత్త సూత్రమూ లేదు. తెలిసిన త్రిభుజాన్ని ఎవరూ పెట్టని చోట పెట్టాడు.

దీని వెనకున్న ఆలోచన ఇంకా ముఖ్యం. మనం కంఫర్ట్ వేరు, హ్యాండ్లింగ్ వేరు అనుకుంటాం. మెత్తగా ఉంటే ముసలోళ్ల బండి, గట్టిగా ఉంటే రేసు బండి. విన్సెంట్ దృష్టిలో రెండూ ఒకటే. గంటకి 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకి దాదాపు 17 మీటర్లు పోతుంది. బిగించేసిన వెనక చక్రం చిన్న గతుకు తగిలినా గాల్లోకి లేస్తుంది. అది గాల్లో ఉన్నంతసేపూ బ్రేకు పనిచేయదు, ఇంజిన్ తోపు అందదు, మలుపులో పట్టు ఉండదు. చక్రం నేలని వదలకుండా ఉంటే బండి చెప్పినట్టు వింటుంది. అదే కారణంగా నడుముకీ దెబ్బ తగలదు. దానికితోడు, నాలుగు గంటలు నడిపి అలసిపోయినవాడి చేతులు ఐదో గంటలో ఆలస్యంగా స్పందిస్తాయి. దూరప్రయాణంలో రైడర్ నడుము కూడా బండి కంట్రోల్స్‌లో ఒకటే అన్నమాట.

పేరు కొనుక్కున్న కంపెనీ

ఐడియా ఉంది, పేటెంట్ ఉంది, ఇంటి నుంచి పెట్టుబడి ఉంది. లేనిదల్లా పేరు. ముక్కూమొహం తెలియని కంపెనీ నుంచి, అదీ వింత ఫ్రేమున్న బండిని, ఎవరూ కొనరని పెద్దవాళ్లు హెచ్చరించారు. సరిగ్గా అప్పుడే హెచ్‌ఆర్‌డీ అనే కంపెనీ దివాలా తీసి అమ్మకానికొచ్చింది. దాన్ని పెట్టిన హోవర్డ్ డేవిస్ 1925లో ఐల్ ఆఫ్ మాన్ టీటీ రేసుని తన సొంత బండి మీదే గెలిచినవాడు. పేరుకి గౌరవం ఉంది, ఖాతాలో డబ్బు లేదు. 1928లో 450 పౌండ్లకి ఆ పేరునీ మిగిలిన సామాన్లనీ విన్సెంట్ తీసుకుని, లండన్‌కి ఉత్తరాన ఉన్న స్టీవనేజ్ అనే ఊళ్లో పని మొదలుపెట్టాడు. కొత్త బండి ట్యాంకు మీద హెచ్‌ఆర్‌డీ అని పెద్ద అక్షరాలు, దాని పైన విన్సెంట్ అని చిన్న అక్షరాలు. ఇరవై ఏళ్ల కుర్రాడికి ఆ మాత్రం తగ్గడం తెలియడం నాకు ఆ పేటెంట్ కంటే ఎక్కువ ఆశ్చర్యంగా అనిపిస్తుంది.

అయినా అమ్మకాలు పెద్దగా లేవు. త్రిభుజాల ఫ్రేము చూపుకి వింతగా ఉందని, కొన్నాళ్లకి మామూలు బండిలా కనిపించేలా దాని రూపం మార్చాల్సి వచ్చింది. లోపలి సస్పెన్షన్ మాత్రం మార్చలేదు.

ఆ బళ్లలో ఒకటి మంచి పని చేసిపెట్టింది. సైడ్‌కార్ తగిలించిన ఒక విన్సెంట్ హెచ్‌ఆర్‌డీ మీద ప్రపంచం చుట్టడానికి బయల్దేరిన బ్రిటిష్ యాత్రికుడు ఆస్ట్రేలియా చేరాడు. అక్కడ అతనికి తోడుగా ఎక్కి ఇంగ్లండ్ దాకా వచ్చినవాడు ఫిల్ ఇర్వింగ్ అనే యువ ఇంజినీరు. ఉద్యోగానికి ముందు ఆ కంపెనీ ప్రోడక్ట్ మీద వేల మైళ్లు ప్రయాణం చేసి, ఎక్కడ బాగుందో ఎక్కడ కొడుతుందో ఒంటితో తెలుసుకుని వచ్చిన అభ్యర్థి! 1931లో స్టీవనేజ్‌లో చేరాడు. ఇక అక్కడినుంచి ఇద్దరు ఫిల్‌లు. విన్సెంట్ది పట్టుదల, ఇర్వింగ్ది డ్రాయింగ్ బోర్డు.

1934 టీటీలో కంపెనీ పంపిన మూడు బళ్లూ బయట కొన్న ఇంజిన్ల వల్ల మధ్యలోనే ఆగిపోయాయి. దాంతో సొంత ఇంజినే కట్టుకోవాలని నిర్ణయించారు. 500 సీసీ సింగిల్ తయారైంది. 1936లో ఆ సింగిల్ ఇంజిన్ డ్రాయింగులు రెండు ఒకదాని మీద ఒకటి పడి ఉండగా ఇర్వింగ్‌కి ఒక వి-ట్విన్ ఆకారం కనిపించిందని చెబుతారు. అలా 998 సీసీ రాపిడ్ పుట్టింది. గంటకి 110 మైళ్లు, అంటే 177 కిలోమీటర్లు. దాని బలానికి బయట కొన్న క్లచ్ జారిపోయేది. ఇంజిన్ చుట్టూ నూనె గొట్టాలు వైర్ల చిక్కులా ఉండేవి. యుద్ధం వచ్చి ఫ్యాక్టరీ ఆయుధ సామగ్రి తయారీకి మళ్లేలోపు అమ్మింది వంద బళ్లు కూడా కాదు.

మనిషికి సరిపడే బండి

యుద్ధం మధ్యలో, ఆయుధాల పని అయ్యాక మిగిలిన టైములో, వాళ్లు గీసుకున్నది సిరీస్ బి రాపిడ్. 1946లో బయటికొచ్చింది. నన్నడిగితే విన్సెంట్ జీవితంలో అసలు ఘట్టం ఇదే, బ్లాక్ షాడో కాదు.

వెయ్యి సీసీ బండి పొడుగ్గా, బరువుగా, మలుపులో మొండిగా ఉంటుందని అందరికీ తెలిసిన సంగతి. 500 సీసీ బండి సైజులో వెయ్యి సీసీ ఇంజిన్ ఇవ్వాలన్నది వీళ్ల లక్ష్యం. రెండు చక్రాల మధ్య దూరాన్ని 56.5 అంగుళాలకి కుదించారు. ఎలా? ఇంజిన్ కింద ఉండాల్సిన ఫ్రేము గొట్టాలన్నీ తీసిపారేశారు. ఇంజిన్నే ఫ్రేములో భాగం చేశారు. పైన ఉక్కు రేకుతో చేసిన ఒక పెట్టె మాత్రం ఉంటుంది. అది వెన్నెముక, అదే ఇంజిన్ ఆయిల్ ట్యాంకు కూడా. ముందు ఫోర్కు దానికి తగులుతుంది, వెనక స్ప్రింగులు దానికి తగులుతాయి, వెనక త్రిభుజం ఇంజిన్-గేర్‌బాక్స్ వెనక ఆడుతుంది. బండి బరువు 206 కిలోల దగ్గర ఆగింది. ఇంజిన్‌ని స్ట్రెస్డ్ మెంబర్‌గా వాడటం అని ఇప్పుడు బైక్ రివ్యూల్లో చదువుతుంటారు కదా, దాన్ని రోడ్డు బండిలో ఇంత ధైర్యంగా వాడినవాళ్లు అప్పట్లో అరుదు.

ఇక రైడర్ సంగతి. ఫుట్‌రెస్టులు ముందుకీ వెనక్కీ జరుపుకోవచ్చు. బ్రేకు పెడల్ మీ పాదానికి తగ్గట్టు, గేరు లివర్ మీ బూటు పొడవుకి తగ్గట్టు మార్చుకోవచ్చు. వెనక చక్రం తీయడానికి స్పానర్ అక్కర్లేదు, ఇరుసుకే పిడి ఉంటుంది, చేత్తో తిప్పడమే. చెయిన్ బిగించడం కూడా చేత్తోనే. ఒక్కో చక్రానికి రెండేసి డ్రమ్ బ్రేకులు. ఇద్దరు కూర్చునే పొడుగు సీటు. దాని వెనక కొసని కదిలే త్రిభుజం మీద ఊచలతో నిలబెట్టారు, ఆ ఊచల దగ్గర బిగువు మార్చుకునే ఏర్పాటు పెట్టారు. అర్ధరాత్రి ఊరుకాని ఊళ్లో పంక్చరై, టూల్‌కిట్‌లో సరైన స్పానర్ లేక రోడ్డు పక్కన కూర్చున్నవాళ్లకి ఈ లిస్టు విలువ తెలుస్తుంది.

మన బళ్లలోనూ ఇందులో కొంత ఉంది, కానీ వాడుకునేవాళ్లు తక్కువ. వెనక షాక్ అడుగున మెట్లు మెట్లుగా ఉండే కాలర్ ప్రీలోడ్‌ది. వెనక మనిషినీ బ్యాగునీ ఎక్కించుకుని దూరం పోయేటప్పుడు దాన్ని ఒకటి రెండు మెట్లు పెంచాలి, ఒక్కరే పోయేటప్పుడు తగ్గించాలి. హ్యాండిల్ క్లాంపు వదులు చేసి బ్రేకు, క్లచ్ లివర్లని మీ ముంజేయి వాలుకి తిప్పుకుంటే మణికట్టు నొప్పి చాలావరకు పోతుంది. మాన్యువల్‌లో చెప్పిన టైరు గాలి కూడా ఒక్కరికి వేరు, ఇద్దరికి వేరు. వేలకి వేలు పోసి జెల్ సీటు కొనేముందు ఈ మూడూ చూసుకోండి.

1947లో విన్సెంట్ బండి టెస్ట్ చేస్తూ పడిపోయాడు. తలకి తీవ్రమైన గాయం. దాని నుంచి పూర్తిగా కోలుకోలేదనే అతని గురించి రాసినవాళ్లు చెబుతారు. అయినా పని ఆగలేదు. ముందు చక్రానికి మిగతా కంపెనీలన్నీ టెలిస్కోపిక్ ఫోర్కులకి మారుతుంటే వీళ్లు మారలేదు. ఆ గొట్టాలు పక్క ఒత్తిడికి వంగుతాయని, ముఖ్యంగా సైడ్‌కార్ తగిలిస్తే పనికిరావని వాళ్ల వాదన. తేలిక అల్యూమినియం మిశ్రమంతో పోత పోసి కాకుండా సుత్తిదెబ్బతో రూపం ఇచ్చిన బ్లేడ్లతో, హైడ్రాలిక్ డ్యాంపర్‌తో గిర్‌డ్రాలిక్ అనే సొంత ఫోర్కు చేశారు. వెనక స్ప్రింగుల మధ్య కూడా హైడ్రాలిక్ డ్యాంపర్ చేరింది. స్ప్రింగు ఒక్కటే ఉంటే బండి ఎడ్లబండిలా ఊగుతూనే ఉంటుంది. ఆ ఊపుని ఒకట్రెండు కదలికల్లో చంపేది డ్యాంపర్. డైనమిక్స్ ఆఫ్ మెషినరీలో వైబ్రేషన్స్ చాప్టర్‌ని వదిలేసి పరీక్షకి వెళ్లేవాళ్లకి ఇది నా చిన్న విన్నపం.

1948లో రాపిడ్‌కే మరికొంత బలం కలిపి, ఇంజిన్‌కి నల్లరంగు వేసి బ్లాక్ షాడోగా తెచ్చారు. గంటకి 125 మైళ్లు, మన లెక్కలో 200 కిలోమీటర్లు. అదే ఏడాది సెప్టెంబర్ 13న అమెరికాలోని బోనెవిల్ ఉప్పు మైదానంలో రోలీ ఫ్రీ అనే రైడర్ గాలి అడ్డు తగ్గించడానికి ఒంటిమీద ఈత నిక్కరు తప్ప బట్టల్లేకుండా, బండి మీద బోర్లా పడుకుని, కాళ్లు వెనక్కి చాపి ఒక విన్సెంట్‌ని గంటకి 150.313 మైళ్లు తోలాడు. ఆ ఫోటో ఇప్పటికీ ప్రపంచమంతా తిరుగుతుంది. అది చూసి విన్సెంట్ అంటే వేగమే అనుకుంటారు. ఉప్పు మీద 240 కిలోమీటర్ల వేగంలో, కాళ్లతో బండిని పట్టుకోకుండా పడుకున్న మనిషి కింద ఆ బండి నిటారుగా ఎలా పోయిందన్నది ఎవరూ అడగరు.

ఆ ఫ్యాక్టరీ మంచి బడి కూడా. 1950 ప్రాంతంలో పదహారేళ్ల జాన్ సర్టీస్ అక్కడ అప్రెంటిస్‌గా చేరాడు. 1951లో థ్రక్స్‌టన్ ట్రాక్ మీద 500 సీసీ విన్సెంట్ గ్రే ఫ్లాష్‌తో, అప్పటి మేటి రేసర్ జెఫ్ డ్యూక్‌ని ముప్పుతిప్పలు పెట్టి పేపర్లకెక్కాడు. తర్వాత బైకుల్లో ఏడు ప్రపంచ టైటిళ్లు, 1964లో ఫార్ములా వన్ టైటిల్. రెండింట్లోనూ ప్రపంచ చాంపియన్ అయినవాడు ఇప్పటికీ అతనొక్కడే.

పేరు అంత మారుమోగుతుంటే డబ్బు ఎక్కడికి పోయింది? సమాధానం ఆ చేత్తో తిప్పే పిడిల్లోనే ఉంది. ప్రతి భాగమూ ప్రత్యేకంగా చేసినదే, తక్కువలో అయ్యే పద్ధతి ఉన్నా ఖరీదైన పద్ధతే. బండి ధర ఎంత పెట్టినా తయారీ ఖర్చు దాన్ని తరుముకొచ్చేది. ఇర్వింగ్ 1949లో ఆస్ట్రేలియా వెళ్లిపోయాడు. 1966లో ఫార్ములా వన్ టైటిల్ గెలిచిన రెప్కో ఇంజిన్ వెనకున్నది మళ్లీ అతనే. స్టీవనేజ్‌లో మాత్రం రోజులు గడవడానికి జర్మన్ కంపెనీ ఎన్‌ఎస్‌యూ మోపెడ్లు తెచ్చి అమ్మారు. అవి బాగా అమ్ముడుపోవడంతో, కొన్నాళ్లకే ఆ వ్యాపారాన్ని ఎన్‌ఎస్‌యూ తనే చూసుకుంటానంటూ తీసేసుకుంది.

అలాంటి పరిస్థితిలో ఎవరైనా ఖర్చు తగ్గించుకుంటారు. విన్సెంట్ 1954లో సిరీస్ డి తెచ్చాడు. రెండు స్ప్రింగుల బదులు సీటు కింద ఒకే షాక్ యూనిట్. సెంటర్ స్టాండ్ వేయడానికి కాలితో తన్నక్కర్లేదు, సీట్లో కూర్చునే పక్కనున్న లివర్ లాగొచ్చు. బ్లాక్ ప్రిన్స్, బ్లాక్ నైట్ మోడళ్లకి ముందు నుంచి వెనక దాకా ఫైబర్‌గ్లాస్ తొడుగు. వానలో బురదలో ఆఫీసు బట్టల మీదే వందల మైళ్లు పోవచ్చన్నది లెక్క. రెండు చక్రాల లగ్జరీ కారు అన్నమాట. కొనేవాళ్లు షోలో నోరెళ్లబెట్టి చూశారు, చాలామంది చూసి వెళ్లిపోయారు. ఇంజిన్ కనపడని మోటార్‌సైకిల్ వాళ్లకి రుచించలేదు. ఫైబర్‌గ్లాస్ తొడుగులు టైముకి, సరైన నాణ్యతతో అందలేదు. దాంతో కొన్ని బళ్లని తొడుగు లేకుండానే అమ్మారు. 1955 డిసెంబర్‌లో చివరి మోటార్‌సైకిల్ ఫ్యాక్టరీ దాటింది. అప్పటికి విన్సెంట్ వయసు 47.

తప్పు జనందా, అతనిదా? రెండు పక్కలా ఉందనే నా అభిప్రాయం. పెద్ద ఫెయిరింగ్‌తో దూరప్రయాణాల కోసమే చేసిన బళ్లు తర్వాతి దశాబ్దాల్లో మామూలైపోయాయి కాబట్టి ఆలోచన తప్పు కాదు. కానీ చేతిలో డబ్బు అయిపోతున్నప్పుడు అతి ఖరీదైన, అతి కొత్త మోడల్ మీద పందెం కాయడం ఇంజినీరు చేసే పని, వ్యాపారి చేసే పని కాదు. లెక్కలు చూసి అతన్ని ఆపగలిగిన మనిషి ఆ టేబుల్ దగ్గర లేడు.

తర్వాత అమాండా అనే నీటి స్కూటర్ చేసి చూశాడు, అదీ నిలవలేదు. ఆత్మకథ రాశాడు. కొత్త ఇంజిన్ ఆలోచనలు చివరిదాకా వదల్లేదు. మిగిలిన బళ్లని మాత్రం ఓనర్స్ క్లబ్ వాళ్లు వదల్లేదు. 1948లో మొదలైన ఆ క్లబ్ ఇప్పటికీ ఉంది. దాని సభ్యులు పెట్టుకున్న కంపెనీ స్పేర్ పార్టులు కొత్తగా తయారుచేస్తూనే ఉంది. వాటితో ఒక బ్లాక్ షాడోని మొదట్నుంచీ చివరిదాకా కొత్తగా కట్టి చూపించారు కూడా.

1973లో 250 సీసీ మోటోక్రాస్ ప్రపంచ టైటిల్‌ని యమహా బండి గెలిచింది. దాని వెనక చక్రం త్రిభుజాకారపు చట్రంలో ఉంది. పై మూల నుంచి సీటు, ట్యాంకు కిందికి పడుకోబెట్టిన ఒకే ఒక్క షాక్. పత్రికలు దాన్ని కొత్త శకం అని రాశాయి. అప్పటికి విన్సెంట్ బతికే ఉన్నాడు. 65 ఏళ్లు. 1928 నాటి తన పేటెంట్ గడువు ఎప్పుడో తీరిపోయింది. ఆరేళ్ల తర్వాత, 1979 మార్చి 27న చనిపోయాడు.